ఉట్టి గొంతు

రోహిణి కార్తె, మొదటి మంగళవారం

శిక్షణ మొదలై వారమైంది. రోజూ పని అయ్యాక కాసేపు కూర్చుని రాయమన్నారు. ముందు ఏం జరిగిందో రాయాలి, మనకేమనిపించిందో ఆ తరవాత. ఎవరూ చదవరట. నాకు నోటితో చెప్పడం కంటే రాయడమే సులువు.

పొద్దున డాబా మీద సోలార్ పలకలకు పట్టిన ఉప్పు తుడిచాను. సముద్రం కొండ మొదలుకు వచ్చేశాక పుట్టినదాన్ని నేను. ఉప్పు తుడవని పొద్దులు ఉండేవని అమ్మమ్మ చెబితే నమ్మేదాన్ని కాదు. తుడవకపోతే మధ్యాహ్నానికి ఫ్యాన్లు ఆగిపోతాయి. ఫ్యాన్లు ఆగితే ఇక్కడ చాలామందికి కోపం వస్తుంది.

తరవాత గంజి వడ్డన. మా ఆలన నివాసంలో ఉండేవాళ్ళంతా పెద్దవాళ్ళే. బుద్ధి ఎదగలేదని లోకం పక్కన పెట్టినవాళ్ళు. కోపం వస్తే కొడతారు, కొరుకుతారు, తల గోడకేసి బాదుకుంటారు. ఇంట్లో ఇక ఉంచుకోలేమని అయినవాళ్ళు తెచ్చి వదిలారు. "పసిపిల్లల్లాంటివాళ్ళు పాపం" అని నాతోపాటు చేరిన షకీలా అంటే, మాకు నేర్పే కాత్యాయని మేడం అక్కడే ఆపేశారు.

"నలభై ఏళ్ళ మనిషి నలభై ఏళ్ళ మనిషేనమ్మా. బుగ్గలు గిల్లకండి. గారు అని పిలవండి. పళ్ళెం విసిరితే అది తెగులు కాదు, మాట. నోట మాట లేనివాళ్ళు చేత్తో మాట్లాడతారు. దానికి ముందు ఏం జరిగిందో చూడండి, దాని తరవాత వాళ్ళకేం దొరికిందో చూడండి. మీ పని అదుపు చేయడం కాదు, వినడం."

ఆ మాటకు నాకు కళ్ళు చెమర్చాయి. బడిలో ఉన్నన్నాళ్ళూ సిస్టర్లు నన్ను "కాస్త గట్టిగా మాట్లాడవే పిల్లా" అనే అన్నారు. వినడమే ఒక పని అన్న మనిషిని మొదటిసారి చూశాను.

శిక్షణ పూర్తయినవాళ్ళ మెడలో కంటె ఉంటుంది. రేషన్ కిటికీలోనూ ఆసుపత్రిలోనూ ఉండేలాంటిదే. ఎవరు ఎలా మాట్లాడినా బయటికి ఒకే గొంతు వస్తుంది. ఇక్కడిది నిదానంగా, మెత్తగా పలికే ఒక ఆడమనిషి గొంతు. విసుగునూ అరుపునూ వడకట్టేస్తుంది. తలుపు దగ్గర కాపలా ఉండే గవరయ్య గారు ఆరడుగుల మనిషి, బుర్రమీసాలు. ఆయన నోరు తెరిచినా అదే గొంతు.

"ఏటమ్మా, బెదిరిపోనావేటి?" అన్నారు మీగడలాంటి ఆ గొంతుతో. "మొదటి దినం ఇది తియ్యడం మరిసిపోయి ఇంటికెల్లిపోనాను. తలుపు కాడ నిలబడి పిలిస్తే మా ఇంటిది సీపురట్టుకుని, ఎవతినట్టుకొచ్చినాడో అని సందంతా ఎతికీసింది."

నాకు నవ్వాగలేదు.

మాకు ఇంకా కంటెలు లేవు. రొమ్ముకు ఆకుపచ్చ బిళ్ళ పెట్టుకుంటాం. అది మా మాటలు పట్టి ఉంచుతుంది, తరవాత తప్పులు దిద్దడానికి. "ముందు ఉట్టి గొంతుతో నేర్చుకోండి. కంటె చాటున దాక్కుంటే ఓర్పు రాదు" అన్నారు మేడం.

మృగశిర, శనివారం

నాకు పైడమ్మ గారిని అప్పగించారు.

"నీ మీద పగేందే మేడానికి?" అంది షకీలా. మోచేతి మీద పళ్ళ గాట్లు చూపించింది. నిన్న పైడమ్మ గారు కొరికినవి. "చూడు, ఉంగరం గుర్తులా ఎంత గుండ్రంగా ఉందో. పెళ్ళికి ముందే ముద్రేసింది."

పైడమ్మ గారికి నలభై దాటాయి. పెద్ద ఒళ్ళు, కత్తిరించిన జుట్టు, ఎడమ చేతి వెనక కొరుక్కుని కొరుక్కుని కాయకట్టిన చర్మం. మాటలు నాలుగో ఐదో వచ్చు. రోజు తప్పించి రోజు ఆవిడను ఆరో గదికి తీసుకెళతారు. అక్కడ పట్టీలున్న కుర్చీ ఉంది. సూది వేసి, ఒళ్ళు వదిలేదాకా కట్టి ఉంచుతారు.

మేడం నన్ను పక్కకు పిలిచి చెప్పారు. మఖ కార్తెలో తనిఖీవాళ్ళు వస్తారు. అప్పటికీ పైడమ్మ గారికి ఆరో గది తప్పకపోతే ఆవిడను ఇనుప తిప్పకు పంపేస్తారు.

ఇనుప తిప్ప ఇక్కడి డాబా మీంచి కనబడుతుంది. ఒకప్పుడు సముద్రంలోంచి చమురు తోడిన ఇనుప కట్టడం. ఇప్పుడు ఎవరికీ అక్కర్లేని మనుషులను అందులో ఉంచుతున్నారు. రోజంతా మందు మత్తే. పోయినవాళ్ళు తిరిగి వచ్చిన కథ ఎవరూ చెప్పలేదు.

"పంపకుండా ఉండాలంటే ఏం చేయాలి మేడం?" అని అడిగాను.

"అది నాకు నువ్వు చెప్పాలి హైమా. ఆవిడ ఏమంటోందో విని చెప్పు." నా భుజం మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి బరువు ఇప్పటికీ భుజం మీదే ఉన్నట్టుంది.

ఆరుద్ర, గురువారం

దొరికింది.

గొడవలన్నీ పొద్దున్నే తుంపర గది దగ్గర మొదలవుతున్నాయి. నీటి కరువు కాబట్టి ఇక్కడ స్నానమంటే తుంపరే. తలుపు వేయగానే నాలుగు గోడలూ ఒక్కసారి బుస్సుమంటాయి. నేను లోపల నిలబడి చూశాను. తుంపర ఎటునుంచి వస్తుందో కనబడదు. చూస్తుండగానే అంతటా ఉంటుంది. నేనే తలుపు తీసుకుని బయటికి వచ్చేశాను.

డాబా మీద వాన నీళ్ళు ఒక బకెట్టు పట్టుకొచ్చాను. ఒక చెంబు. పైడమ్మ గారిని పెరట్లో తడిక వెనక పీట మీద కూర్చోబెట్టి, చెంబు ఆవిడ చేతికే ఇచ్చాను. ముందుగా ప్రతిదీ చెబుతూ వచ్చాను. "ఇప్పుడు పాదం. ఇప్పుడు రెండో పాదం. ఇప్పుడు మోకాలు." గట్టిగా మాట్లాడటం నాకు ఎలాగూ రాదు. ఆవిడ నా నోటి వంకే చూస్తూ పోసుకున్నారు. నడుము దాకా వచ్చాక అరచెయ్యి అడ్డం పెట్టారు. ఆగాను.

మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ అరచెయ్యి. మళ్ళీ ఆగాను. ఆవిడకు అనుమానం వచ్చినట్టుంది. నేను చెంబు వంక చూస్తే చాలు, అరచెయ్యి పెట్టి, నేను ఆగితే పకపకా నవ్వడం. జీవితంలో ఎవరూ ఆవిడ చెయ్యి చూసి ఆగలేదు కాబోలు. స్నానం పూర్తి కాలేదు, నేను మాత్రం నిలువునా తడిశాను.

మేడానికి చెప్పాను. "ఇదే పట్టుకో" అన్నారు. "చెయ్యి అడ్డం పెడితే ఆగాల్సిందే. ఒక్కసారి ఆగకపోతే, ఇన్నాళ్ళూ ఆగింది అబద్ధమైపోతుంది."

పునర్వసు, సోమవారం

పైడమ్మ గారు ఈ కార్తెలో ఆరో గది మొహం చూడలేదు. చెయ్యి కొరుక్కోవడం తగ్గింది. గంజి వద్దంటే పళ్ళెం విసరడం లేదు, అరచెయ్యి పెడుతున్నారు. పొద్దున నన్ను చూడగానే "ఐమా" అంటారు. హైమ అనడానికి అదే ఆవిడ మాట. నా అడుగుల చప్పుడుకు కాదు, గుమ్మం బయట ఎవరితోనో నేను మాట్లాడుతుంటే ఆ గొంతు విని పిలుస్తారు.

మేడం అందరి ముందూ నన్ను మెచ్చుకున్నారు. తల ఎత్తలేకపోయాను. తరవాత విడిగా పిలిచి, మధ్యాహ్నాలు పైడమ్మ గారి పక్కన కూర్చుని కథలు చదవమన్నారు. "పిలుపులూ బుజ్జగింపులూ ఎక్కువ ఉన్నవి చూడు. రా, కూర్చో, భయం లేదు, నేనున్నాను, ఇలాంటివి. ఆవిడకు మాటలు అలవాటవుతాయి." బిళ్ళ సరిగ్గా పెట్టుకున్నానో లేదో ఆవిడే చూసి సర్దారు.

నాకింతకంటే మంచి పని ఏముంటుంది. మధ్యాహ్నమంతా చదవడం, ఒక మనిషి వినడం. ఆవిడకు కథ అక్కర్లేదు. నేను పుట తిప్పినప్పుడల్లా కాగితం చివర తనూ పట్టుకుంటారు, ఇద్దరం కలిసి తిప్పుతాం.

షకీలాకు అప్పుడే కంటె ఇచ్చేశారు. రేపటినుంచి సాయంత్రం వంతు.

"నాకంటే ముందు నీకా?" అన్నాను.

"ఓర్పు ఎట్టాగూ రాదని తేలిపోయిందిలేవే నాకు" అంది నవ్వుతూ. కానీ కంటె పెట్టుకుని చూపించమంటే చూపించలేదు. "ఇంకా సర్దాలంట" అని సంచీలో పెట్టేసుకుంది.

పుష్యమి, బుధవారం

ఏం జరిగిందో ముందు రాయాలి.

పొద్దున బకెట్టుతో వెళ్ళాను. "పైడమ్మ గారూ, లేచారా" అన్నాను. ఆవిడ రెండు చెవులూ మూసుకుని మంచం అవతలికి జరిగిపోయారు. దగ్గరికి వెళ్ళాను. "నేను, హైమను" అన్నాను. ఎడమ చెయ్యి కొరుక్కోవడం మొదలుపెట్టారు, రక్తం వచ్చేదాకా. ఆపబోతే నా మణికట్టు పట్టి కొరికారు. ఆ పళ్ళు నొప్పి పెట్టలేదని కాదు. ఆవిడ నా వంక చూసిన చూపు ఇంకా నొప్పిగా ఉంది. అది కోపం కాదు. భయం.

మేడం కట్టు కట్టారు. "దానికి ముందు ఏం జరిగింది?" అని అడిగారు, శిక్షణలో అడిగినట్టే.

"ఏమీ లేదు మేడం. పిలిచానంతే."

"ఏమీ లేకుండా ఎవరూ కొరకరు. నువ్వేం చేశావో ఆలోచించు. ఎక్కడో ఆగకుండా ఉండి ఉంటావు."

ఆలోచించాను. నిన్న గంజి ఇంకో రెండు గుక్కలు తాగమన్నాను. మొన్న కథ మధ్యలో ఫోను మోగితే లేచి వెళ్ళాను. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టారేమో, నేను చూడలేదేమో. చూడకపోవడం కూడా ఆగకపోవడమే కదా.

పుష్యమి, ఆదివారం

రోజురోజుకూ ఎక్కువవుతోంది. నేను మాట్లాడితే చాలు, చెవులు మూసుకుని గోడకు అంటుకుపోతున్నారు. మొన్న పరుగెత్తుకెళ్ళి తుంపర గదిలో దాక్కున్నారు. ఆవిడ దేన్ని చూసి వణికిపోయేవారో అందులోకే పోయి తలుపేసుకున్నారు, నానుంచి తప్పించుకోవడానికి. చెప్పే తీరు మార్చి చూశాను, నెమ్మదిగా, ఇంకా నెమ్మదిగా. ఎంత మెత్తగా అంటే అంత వణుకుతున్నారు.

సాయంత్రం వంతులో మళ్ళీ ఆరో గదికి తీసుకెళుతున్నారని గవరయ్య గారు చెప్పారు. మఖ వచ్చేస్తోంది.

"ఆవిడకు ఏమైందండీ?" అని అడిగాను. ఆయన మీసం కిందకి లాక్కున్నారు.

"నన్నడక్కు తల్లీ. నాను తలుపుకాడ నిలబడీవోడ్ని." కంటెలోంచి ఆ మాట చాలా తియ్యగా వచ్చింది.

పుష్యమి, ఆఖరి శుక్రవారం

ఇవాళ నాకు సెలవు. సాయంత్రం వాన మొదలైతే, పైడమ్మ గారి గదిలో మరిచిపోయిన పుస్తకం గుర్తొచ్చి తడుస్తుందేమోనని వెళ్ళాను. ఆవిడ కిటికీ పక్కనే పెడతాను.

గది ఖాళీగా ఉంది. వరండా చివర ఆరో గది తలుపు ఓరగా ఉంది. లోపల్నుంచి మాటలు.

"భయం లేదు పైడమ్మ గారూ. నేనున్నాను. రండి, కూర్చోండి. ఇదిగో, ఇప్పుడు పాదం."

అది నేను.

నేను బయట ఉన్నాను. లోపల కూడా నేనే మాట్లాడుతున్నాను. పట్టీ బిగించిన చప్పుడు వినబడింది. "ఇప్పుడు రెండో పాదం" అన్నాను లోపల. "ఐమా, ఐమా" అని పైడమ్మ గారు ఏడుస్తున్నారు. ఓరగా ఉన్న తలుపు సందులోంచి ఆవిడ చెయ్యి కనబడింది. అరచెయ్యి అడ్డంగా పెట్టి ఉంది. ఎవరూ ఆగలేదు.

కాసేపటికి తలుపు తీసుకుని షకీలా వచ్చింది. నన్ను చూసి ఆగిపోయింది.

"నీకు సెలవు గదే ఇయాళ?" అంది. నా గొంతుతో.

నేను గోడ పట్టుకున్నాను.

"ఒసేయ్, పడతావు, కూర్చోవే." మళ్ళీ నా గొంతే. దాని ముఖంలో, దాని పెదాల మీద.

"ముందు అది తియ్యి" అన్నాను.

తీసింది. చేతిలో పట్టుకుని ఏం చేయాలో తెలియనట్టు తిప్పుతూ నిలబడింది. "నాకు ఇచ్చిన నాడే తెలుసు" అంది తన గొంతుతో. "ఆ బిళ్ళ ఉందే, తప్పులు దిద్దడానికి కాదది. నీ కథలు, నీ బుజ్జగింపులు, అన్నీ ఇందులోకి పోసినారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు మానేసి పోతావు. నువ్వు పోతే ఆమె దగ్గరికి మళ్ళీ నేనే పోవాల. నా చెయ్యి చూశావుగా." కంట నీళ్ళు పెట్టుకుంది. "కోపం తెచ్చుకోమాక హైమా. నీ గొంతుతో పిలిస్తే ఆమె తనంతట తనే లేచి వచ్చిందే మొదటిరోజు. నవ్వుకుంటా వచ్చి ఆ కుర్చీలో కూచుంది. పట్టీలు బిగించింది నేనే, ఏం జేయమంటావు?"

నవ్వుకుంటూ వచ్చి కూర్చున్నారట.

పుస్తకం తీసుకోకుండానే వచ్చేశాను.

ఆశ్లేష, సోమవారం

మేడం గదికి వెళ్ళాను. కూర్చోమన్నారు. కూర్చోలేదు.

"నా గొంతు షకీలా మెడలో ఉంది మేడం."

"అవును. మెల్లగా అందరి మెడల్లోనూ ఉంటుంది." కంటె గొంతులో ఆవిడ ఎప్పుడూ ఉన్నంత నిదానంగానే ఉన్నారు. "పాతది అరిగిపోయిందమ్మా. సూది పొడిచిన ప్రతిసారీ వీళ్ళకు ఆ గొంతే వినబడింది. ఇప్పుడది వింటేనే గోడలెక్కుతున్నారు. కొత్తది కావాలి. కొన్నేళ్ళకొకసారి కావాలి."

"నాకు చెప్పలేదు."

"చెబితే నువ్వు అలా మాట్లాడేదానివా? పట్టుకుంటున్నారని తెలిసి మాట్లాడే గొంతు వేరుగా ఉంటుంది. వీళ్ళు వెంటనే పసిగడతారు. నీకు నిజంగా ప్రేమ ఉండాలి. ఉంది కూడా."

"చెయ్యి అడ్డం పెడితే ఆగాలన్నారు. మీరే అన్నారు."

"శిక్షణలో ఉన్నవాళ్ళు ఆగాలి. అలా ఆగితేనే నమ్మకం పుడుతుంది. పుట్టాక దాంతో ఇల్లు నడవాలి."

"మరి నేనేం తప్పు చేశానో ఆలోచించమన్నారు. వారమంతా ఆలోచించాను."

మేడం బల్ల మీది కాగితాలు సర్దారు.

"పైడమ్మ గారిని తిప్పకు పంపరుగా?" అన్నాను. ఇంకా అడుగుతున్నాను చూడండి.

"ఆవిడ పోవడం నువ్వు చేరకముందే ఖాయమైంది. అందుకే నీకు ఇచ్చాను. అందరికంటే కష్టమైన మనిషి తనిఖీవాళ్ళ ముందు గొడవ లేకుండా పడవెక్కితే, ఈ గొంతును ఇలాంటి అన్ని ఇళ్ళకూ పంపిస్తారు. ఇదివరకు ఒక్కరిని ఎక్కించడానికి ఆరుగురం పట్టుకునేవాళ్ళం. చేతులు విరిగేవి. వాళ్ళవీ, మావీ. ఇది మేలు కాదా హైమా?"

నేను తల అడ్డంగా ఊపానో లేదో తెలియదు. ఆవిడ మెడ వెనకకు చేతులు పెట్టి కంటె విప్పి బల్ల మీద పెట్టారు. ఇన్నాళ్ళలో ఆవిడ మెడ ఖాళీగా ఉండగా చూడలేదు.

"ఇన్నాళ్ళూ వింటున్నావే, ఇది ఎవరి గొంతనుకున్నావు?"

ఉట్టి గొంతుతో అడిగారు. కాస్త జీర, కాస్త వయసు. కానీ అదే. గవరయ్య గారి మీసాల వెనకనుంచి వచ్చే గొంతు. ఇల్లంతా చెవులు మూసుకునే గొంతు.

"నాకూ చెప్పలేదమ్మా" అన్నారు.

"మీకు జరిగింది కదా. ఎలా ఉంటుందో తెలిసి కూడానా?"

"తెలుసు కాబట్టే పిల్లను ఏరే పని నాకిచ్చారు. మాట తక్కువ ఉన్నది, ఎవరూ వినక అల్లాడుతున్నది. మొదటిరోజు నీ కళ్ళు చూడగానే అనుకున్నాను, ఇదిగో అని."

ఆవిడ చెప్పినవాటిలో నన్ను ఇంకా నిద్రపోనివ్వనిది ఈ మాటే.

ఆశ్లేష, ఆఖరి ఆదివారం

మానేద్దామనుకున్నాను. మానేస్తే పైడమ్మ గారి దగ్గర మిగిలేది నా గొంతు ఒక్కటే. అందుకని వెళుతున్నాను.

బిళ్ళ తీసి బల్ల మీద పెట్టేశాను. ఆలన గేటు దాటింది మొదలు నోరు విప్పడం లేదు. ఎవరితోనూ. మేడం చూసి ఊరుకున్నారు. వాళ్ళకు కావలసినంత ఇప్పటికే పట్టుకున్నారు కదా.

మొదటి రెండు రోజులూ పైడమ్మ గారు గోడ దగ్గరే ఉన్నారు. నేను గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరాను. నా పెదాల వంకే చూస్తున్నారు, ఎప్పుడు తెరుచుకుంటాయో అని. మూడో రోజు దగ్గరికి వచ్చి, వేలితో నా పెదాలు తాకి చూశారు. బిగించి పట్టుకున్నాను. బియ్యంలో చెయ్యి పెట్టి తనూ ఏరడం మొదలుపెట్టారు. రాళ్ళన్నీ బియ్యంలోకే వేశారు.

నిన్న వరండాలోంచి నా గొంతు వినబడింది. "రండి పైడమ్మ గారూ" అని. పైడమ్మ గారు ఉలిక్కిపడి నా వంక చూశారు. నా నోరు మూసుకుని ఉంది. మళ్ళీ తలుపు వంక చూశారు, మళ్ళీ నా వంక. అప్పుడు నా వెనక్కి వచ్చి దాక్కున్నారు. నానుంచి నా వెనక్కే.

ఇనుప తిప్ప పడవ బుధవారం వస్తుందట. తనిఖీవాళ్ళూ ఆ రోజే. వాళ్ళకు చెబుతాను. పదిమంది ముందు మాట్లాడిందే లేదు నేను. ఏం చెప్పాలో లోపల్లోపలే కూర్చుకుంటున్నాను. ఆ గొంతు నాది. నన్ను అడగకుండా తీసుకున్నారు. దాంతో ఈవిడను మోసం చేస్తున్నారు. ఆవిడను ఉండనివ్వండి. చెప్పవలసింది ఇంతే.

మఖ, బుధవారం

ఏం జరిగిందో ముందు రాయాలి.

నన్ను వంటింట్లో పనికి పెట్టి బయట గడియ వేశారు. కిటికీలోంచి చూస్తే గవరయ్య గారు పైడమ్మ గారి చెయ్యి పట్టుకుని రేవు మెట్లు దింపుతున్నారు. పడవ ఆగి ఉంది. మెట్ల పైన గొడుగుల కింద తనిఖీవాళ్ళు, మేడం, షకీలా. గడియ తీయమని తలుపు బాదాను. ఎవరో తీశారు, ఎవరో చూడలేదు. పరుగెత్తాను.

మెట్ల దగ్గరికి వచ్చేసరికి పైడమ్మ గారు పడవకు నాలుగడుగుల దూరంలో నేల మీద కూర్చుండిపోయి ఉన్నారు. షకీలా వెనకనుంచి పిలుస్తోంది, నా గొంతుతో. "వెళ్ళండి పైడమ్మ గారూ. పడవ ఎక్కండి. నేను కూడా వస్తాను." పైడమ్మ గారు చెవులు మూసుకున్నారు కానీ కదల్లేదు. మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని కూర్చున్నారు. ఆ గొంతు నేను కాదని ఆవిడకు తెలుసు. ఆ క్షణం నాకు ఎంత గర్వమనిపించిందో.

తనిఖీవాళ్ళలో ఒకాయన వాచీ చూసుకున్నాడు. "ఏంటండీ, పనిచేయట్లేదే" అన్నాడు. మేడం ముఖం తెల్లబోయింది. పడవవాళ్ళు ఇద్దరు పట్టీలు పట్టుకుని దిగబోతున్నారు. ఇంకొంచెం ఆగితే ఏమయ్యేదో. వెనక్కి తీసుకెళ్ళేవాళ్ళో, లాక్కెళ్ళేవాళ్ళో. నేను ఆగలేదు. కూర్చుకున్న మాటలన్నీ పోయాయి. ఒకటే మిగిలింది.

"ఆపండి! అది నా గొంతు!"

అంత గట్టిగా నేనెప్పుడూ అరవలేదు. రేవంతా మోగింది.

పైడమ్మ గారు తలెత్తి చూశారు. నా నోరు తెరిచి ఉండటం చూశారు. నా నోట్లోంచే ఆ గొంతు రావడం చూశారు. నేను మెట్లు దిగుతూ ఆవిడవైపే వస్తున్నాను. "వద్దు, పైడమ్మ గారూ, వద్దు" అంటున్నాను. ఆవిడ లేచారు. ఎటు పోవాలో చూసుకున్నారు. నేను ఇటు ఉన్నాను, షకీలా పైన ఉంది, రెండు పక్కలా నీళ్ళు. ముందు పడవ ఒక్కటే ఉంది. రెండు చేతులూ చెవులకు అదిమి, పడవకు వేసిన చెక్క మీదుగా పరుగెత్తి, పడవ లోపలి గదిలో దూరి తలుపు వేసుకున్నారు. ఎవరి చెయ్యీ తగల్లేదు.

"భేష్" అన్నాడు వాచీ ఆయన. "ఆఖర్న గొంతు కాస్త హెచ్చు పెట్టినట్టున్నారు. అదే పనిచేసింది." పక్కాయన తల ఊపాడు. అది కంటె కాదని వాళ్ళకు తెలియలేదు. మేడానికి తెలుసు. చెప్పలేదు. షకీలాకూ తెలుసు. తను కంటె విప్పి, మొహం గోడవైపు తిప్పుకుని నిలబడింది.

నేను మళ్ళీ నోరు తెరవలేదు. తెరిస్తే లోపలున్నావిడకు వినబడుతుంది. తాడు విప్పారు. పడవ వెళ్ళిపోయింది.

నాకేమనిపించిందో తరవాత రాస్తాను.

ఉత్తర కార్తె

ఇప్పుడు అన్ని ఇళ్ళలోనూ నేనే. ఆసుపత్రిలో కూడా పెట్టారట. నిన్న రేషన్ కిటికీలో ఎవరో ముసలాయన ఉప్పు నీళ్ళే ఇస్తున్నారని గొడవ పడుతుంటే "కోపం వద్దండి, నేనున్నాను" అన్నాను లోపల్నుంచి. ఆయన వెంటనే చల్లబడ్డాడు. సంచీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఇనుప తిప్పలో కూడా అదే గొంతు పెట్టారు. గవరయ్య గారు వచ్చి చెప్పారు, కంటె లేకుండా, తన బొంగురు గొంతుతో. పైడమ్మ గారు అక్కడ రోజంతా చెవుల్లో గుడ్డలు కుక్కుకుని ఉంటున్నారట. తప్పించుకోవడానికి పరుగెత్తి వెళ్ళిన చోట అందరూ నాలాగే మాట్లాడుతున్నారు.

నేనూ అక్కడికి వెళతానన్నాను. "నువ్వెల్లి సేసీదేటుంది తల్లీ?" అన్నారాయన. నాకు తెలియదు.

తిప్ప మీద వంటింట్లో గిన్నెలు తోమే పని ఖాళీగా ఉందని, దానికి కంటె అక్కర్లేదని కూడా ఆయనే చెప్పారు. ఎవరితోనూ మాట్లాడనక్కర్లేని పని కాబట్టి మూగవాళ్ళను తీసుకుంటారట.

ఇవాళ రేవు దగ్గరి కార్యాలయానికి వెళ్ళాను. కిటికీ అవతల ఒక నడివయసు మనిషి, మెడలో కొత్త కంటె. పేరు రాసి ఇస్తే చూశాడు.

"మాట్లాడటం వచ్చామ్మా?" అని నా గొంతుతో అడిగాడు.

తల అడ్డంగా ఊపాను.